మనిషి చెప్పులు తొడిగి ఎన్నేళ్లయింది? 10 వేలా, 40 వేలా?

పాతరాయి:
ఎక్కడ చదివినా "మనిషి 40 వేల ఏళ్ల నుంచి చెప్పులు వేసుకుంటున్నాడు" అని ఖాయంగా రాసేస్తున్నారు. ఆ కాలం నాటి చెప్పు ఒక్కటైనా దొరికిందా? దొరికినవాటిలో బాగా పాతవి అమెరికాలోని ఒరెగాన్‌లో, ఫోర్ట్ రాక్ గుహలోవి. 1938లో లూథర్ క్రెస్‌మన్ తవ్వకాల్లో బయటపడ్డాయి. సేజ్‌బ్రష్ అనే పొద బెరడును పేని అల్లినవి, ఒకటీ రెండూ కాదు, డజన్ల కొద్దీ. మజామా అగ్నిపర్వతం బూడిద కింద ఉన్నాయి. కార్బన్ డేటింగ్ వచ్చాక 9 వేల ఏళ్లు దాటినవని తేలింది, ఇప్పటి లెక్కల్లో సుమారు 10 వేలు. నా లెక్క అక్కడితో ఆగుతుంది. మిగతాది ఊహే.

నిశాచరుడు:
ఆర్మేనియా బూటు కదా అన్నిటికన్నా పాతది? అది ఆడవాళ్లదా, మగవాళ్లదా?

పాతరాయి:
అది తోలు బూటు, 5,500 ఏళ్లది. వేరే సంగతి.

కుట్టుసూది:
పాతరాయి గారూ, ఊహ అని అంత తేలిగ్గా కొట్టేయకండి. 40 వేలు అన్నది గాల్లోంచి వచ్చిన అంకె కాదు. ఎరిక్ ట్రింకాస్ అనే ఆయన పాత అస్థిపంజరాల కాలివేళ్ల ఎముకలు కొలిచారు. బరువు, ఒత్తిడి పడేకొద్దీ ఎముక గట్టిపడుతుంది. ఉత్త కాళ్లతో నడిచేవాళ్లకు బొటనవేలు కాక మిగతా వేళ్లు కూడా నేలను పట్టి నెడతాయి. కాబట్టి ఆ ఎముకలు దిట్టంగా ఉంటాయి. అడుగు గట్టిగా ఉన్నదేదైనా తొడిగితే వాటికి పని తగ్గి సన్నబడతాయి. బీజింగ్ దగ్గర త్యాన్‌యువాన్ గుహలో దొరికిన మనిషికి కాలి ఎముకలు దృఢంగానే ఉన్నాయి, వేళ్లు మాత్రం సన్నం. ఆయన కాలం సుమారు 40 వేల ఏళ్ల కిందట. నడక తగ్గలేదు, వేళ్ల పని తగ్గింది. ఎందుకంటారు?

పాతరాయి:
ఒక్క మనిషి వేళ్లు చూసి జాతి మొత్తానికి చెప్పులు తొడుగుతారా? న్యూ మెక్సికోలో వైట్ శాండ్స్ దగ్గర 21 వేల నుంచి 23 వేల ఏళ్ల నాటి అడుగుజాడలున్నాయి. అన్నీ ఉత్త పాదాలే, వేళ్లు లెక్కపెట్టుకోవచ్చు. మీ 40 వేల తర్వాత సగం కాలం గడిచినా ఉత్త కాళ్లే!

అడ్డదారి:
అది సరస్సు ఒడ్డున బురద. బురదలో దిగేటప్పుడు మనం కూడా చెప్పులు చేత్తో పట్టుకుంటాం.

మడమనొప్పి:
ఇద్దరూ చాదస్తులే. నా కాలే సాక్ష్యం. "లక్షల ఏళ్లు ఉత్త కాళ్లతోనే పరిగెత్తాం, బూట్లు నిన్నమొన్నటివి" అని ఎవరో చెబితే నమ్మి బూట్లు అవతల పడేసి పరుగు మొదలుపెట్టాను. మూడో వారంలో పాదం ఎముకలో సన్న చీలిక. రెండు నెలలు కుంటుతూ నడిచాను. మన పాదాలు చెప్పులకే పుట్టాయి.

పాతరాయి:
మీ పాదం చిన్నప్పటి నుంచి బూట్లలో పెరిగింది. అది చీలితే 40 వేల ఏళ్ల ముచ్చట ఎలా రుజువవుతుంది?

మడమనొప్పి:
నొప్పి మీకు రాలేదు కాబట్టి అంటున్నారు.

కుట్టుసూది:
ఎముకలు వద్దంటే రష్యాలో సుంగిర్ సమాధులు చూడండి. 30 వేల ఏళ్లు దాటినవి. మామత్ (అంతరించిపోయిన ఏనుగు జాతి) దంతంతో చేసిన పూసలు వేల సంఖ్యలో ఉన్నాయి, చీలమండల దగ్గర కూడా. బట్ట, తోలు కుళ్లిపోయాయి. అవి కుట్టిన చోట పూసలు మాత్రం మిగిలాయి.

పాతరాయి:
కాలికి పూసలుంటే చెప్పులేనా? గజ్జెలు కావచ్చు, ప్యాంటు అంచు కావచ్చు. కుళ్లిపోయింది అనే మాట ఎంత సుఖమో! లేనిదాన్నంతా దాని కింద దాచేయొచ్చు. ఊహలతో చెప్పులు కుట్టకండి సార్.

నిశాచరుడు:
ఆర్మేనియా బూటు గురించి ఎవరూ చెప్పలేదు.

కుట్టుసూది:
కుట్టకూడదా? సరే, కుట్టడం గురించే మాట్లాడదాం. అరేనీ గుహలో దొరికిన ఆ ఆర్మేనియా బూటు ఫొటో నేను పెద్దది చేసి చూశాను. ఒకే ముక్క ఆవు తోలు. పాదానికి తగ్గట్టు మడిచి, ముందూ వెనకా రంధ్రాలు పొడిచి తోలు తాడుతో బిగించారు. అది మొదటిసారి కుట్టిన చెయ్యి కాదు. ఎక్కడ లాగితే తోలు ముడత పడుతుందో తెలిసిన చెయ్యి. ఆ చేతికి నేర్పినవాళ్లు, వాళ్లకు నేర్పినవాళ్లు కుట్టినవన్నీ ఏవి? ఈ ఒక్కటి ఎందుకు మిగిలిందో తెలుసా? గుహ చల్లగా, పొడిగా ఉంది, పైన గొర్రెల పేడ మందంగా పేరుకుంది. అంతే. పేడ లేకపోతే మీరు దీన్నీ ఊహే అనేవారు.

మా నాన్న 40 ఏళ్లు చెప్పులు కుట్టారు. ఆయన కుట్టిన జత ఒక్కటి కూడా ఇప్పుడు మా ఇంట్లో లేదు. తొడిగినవాళ్లు అరగదీసి పారేశారు, చెప్పులున్నది అందుకే కదా. మీ లెక్కలో ఆయన ఊహా?

అడ్డదారి:
అయ్యో, ఎక్కడ మొదలై ఎక్కడికి వచ్చింది.

పాతరాయి:
మీ నాన్నగారిని అనలేదండీ. ఆ మాట జారాను, క్షమించండి. నా బాధ వేరు. నేను పిల్లలకు చరిత్ర చెబుతాను. ఒకసారి బోర్డు మీద 40 వేలు అని రాస్తే, ముందు బెంచీ పిల్ల "ఆ చెప్పు చూపించండి సార్" అంది. వేళ్ల ఎముక బొమ్మ చూపించాను. "ఇది చెప్పు కాదు కదా" అని కూర్చుంది. ఆ రోజు నుంచి చూపించగలిగిందే రాస్తున్నాను.

కుట్టుసూది:
ఆ పిల్ల అడిగింది న్యాయమే. కానీ 10 వేలు అని రాసి ఊరుకుంటే, అప్పుడే ఎవడో హఠాత్తుగా కనిపెట్టాడని అనుకుంటుంది. అదీ అబద్ధమే. "దొరికినవాటిలో" అని ఒక్క మాట చేర్చండి.

పాతరాయి:
చేరుస్తాను. 40 వేలు మాత్రం రాయను.

కుట్టుసూది:
రాయకండి. నేను అడుగుతూనే ఉంటాను.

మడమనొప్పి:
నా కాలి సంగతి ఎవరికీ పట్టలేదు.

నిశాచరుడు:
ఆడవాళ్లదా, మగవాళ్లదా?

అడ్డదారి:
ఆ ఆర్మేనియా బూటు ఇప్పటి యూరప్ కొలతలో 37 సైజు. ఆడవాళ్లది కావచ్చు, చిన్న పాదం ఉన్న మగవాడిదీ కావచ్చు. కుడికాలిది ఒక్కటే దొరికింది.

నిశాచరుడు:
రెండోది ఏమైంది?