విలియమ్స్, గ్రిన్నెల్, రట్గర్స్: ఎవరి అల్యూమ్నై నెట్‌వర్క్ ఉద్యోగానికి పనికొస్తుంది?

ఎడిసన్_నాన్న: మా అమ్మాయికి మసాచుసెట్స్‌లో విలియమ్స్, అయోవాలో గ్రిన్నెల్, ఇంటి పక్కన న్యూజెర్సీ ప్రభుత్వ యూనివర్సిటీ రట్గర్స్‌లో సీట్లు వచ్చాయి. మే 1 లోపు డిపాజిట్ కట్టాలి. మొదటి రెండూ రెండు వేల మంది అటూ ఇటూగా చదివే లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు, అంటే ఒకే వృత్తికి కాకుండా సైన్సూ ఆర్ట్సూ కలిపి డిగ్రీ చెప్పేవి. పాత విద్యార్థులు చేయి పట్టుకుని ఉద్యోగంలో కూర్చోబెడతారంటున్నారు, నిజమేనా?

ఓరుగల్లు89: లెక్క చూడండి సార్. రట్గర్స్‌లో చదివి బయటికొచ్చినవాళ్ళు ఐదు లక్షల పైమాటే. విలియమ్స్ వాళ్ళు సుమారు ముప్పై వేలు. న్యూజెర్సీలో ఏ ఫార్మా కంపెనీకి వెళ్ళినా రట్గర్స్ మనిషి తగులుతాడు.

చార్లెస్‌నది: తగిలితే సరిపోదండీ, పలకాలి. బోస్టన్‌లో మా ఆఫీసులో పక్క సీటాయన విలియమ్స్. ముక్కూ మొహం తెలియని జూనియర్ మెయిల్ పెట్టినా అప్పటికప్పుడు క్యాలెండర్ తెరిచి ఇరవై నిమిషాలు కేటాయిస్తాడు, తర్వాత రెజ్యూమె పట్టుకుని స్వయంగా మేనేజర్ దగ్గరికి వెళ్తాడు. వాళ్ళ పూర్వ విద్యార్థుల సంఘం 1821 నుంచి నడుస్తోంది, ఈ అలవాటు అక్కడ తరాలుగా ఉంది.

అయోవా_రైతు: గ్రిన్నెల్ బలం మనుషులకన్నా డబ్బులో ఉంది. ఇంటెల్ పెట్టినవాళ్ళలో ఒకరైన రాబర్ట్ నోయ్స్ అక్కడే చదివాడు, కాలేజీ మొదట్లోనే ఇంటెల్‌లో డబ్బు పెట్టింది. జీతం లేని ఇంటర్న్‌షిప్ దొరికితే ఖర్చులకు కాలేజీయే సాయం చేస్తుంది.

కాకినాడ_పాప: ఎయిర్‌పోర్ట్ ఎంత దూరం?

అయోవా_రైతు: డెమాయిన్ గంట డ్రైవ్.

ఓరుగల్లు89: ముప్పై వేల సంగతికి చార్లెస్‌నది మేడమ్ జవాబివ్వలేదు. మా పెద్దాడు అలాంటి చిన్న కాలేజీలోనే చదివాడు, పేరు చెప్పను. అల్యూమ్నై లిస్టు ముందు పెట్టుకుని ఎన్ని మెయిళ్ళు రాశాడో. అందరూ 'ఆల్ ది బెస్ట్' అన్నవాళ్ళే, ఒక్కడూ రిఫర్ చేయలేదు. చివరికి ఉద్యోగం మా బావమరిది చూపించాడు.

చార్లెస్‌నది: ఒక్క కాలేజీ అనుభవాన్ని అన్నిటికీ అంటగట్టకండి. మీ పేరు చూస్తే వరంగల్ ఆర్‌ఈసీ (ఇప్పటి ఎన్‌ఐటీ) అనుకుంటా. అమెరికాలో దిగగానే సీనియర్ రూములో పడుకోలేదా? అది నెట్‌వర్క్ కాదా?

ఓరుగల్లు89: నా జోలికి రాకండి. సీనియర్ పరుపు ఇచ్చాడు, ఇంటర్వ్యూ నేనే పాసయ్యాను. మా సీనియర్లు జూనియర్ల ఇంటిపేరు చూడలేదు, మీ తాత ఎక్కడ చదివాడని అడగలేదు. ఈ కాలేజీల్లో మూడోవంతు దాకా టీముల్లో ఆడే పిల్లలుంటారు, వాళ్ళ కోచ్‌లు, వాళ్ళ తండ్రులు, వాళ్ళ గోల్ఫ్ క్లబ్బులు. మా వాడు నాలుగేళ్ళూ గడప బయటే నిలబడ్డాడు, అది నాకు తెలుసు.

చార్లెస్‌నది: ఆ బాధ అర్థమైంది. కానీ అలాంటి చిన్న కాలేజీయే అయిన ఆమ్హర్స్ట్ 2021లోనే పూర్వ విద్యార్థుల పిల్లలకు అడ్మిషన్లో ఇచ్చే ప్రాధాన్యం ఎత్తేసింది, మార్పు రావట్లేదనకండి. ఎడిసన్ గారూ, ఇంతకీ అమ్మాయి ఏం చదువుతుందట?

ఎడిసన్_నాన్న: ఆర్ట్ హిస్టరీ అంటోంది. నేను ఎకనామిక్స్ అంటున్నా. మేమింకా హెచ్‌1 వర్క్ వీసా మీదే ఉన్నాం, తనకి 21 నిండేలోపు హెచ్‌4 డిపెండెంట్ వీసా నుంచి ఎఫ్‌1 స్టూడెంట్ వీసాకి మారాలి.

చార్లెస్‌నది: ఈ మాట ముందే చెప్పాల్సింది! ఆర్ట్ హిస్టరీ అయితే ఇక విలియమ్సే. న్యూయార్క్‌లో మోమా అనే ఆధునిక కళల మ్యూజియాన్ని 1995 నుంచి మూడు దశాబ్దాలు నడిపిన గ్లెన్ లోరీ, గుగెన్‌హైమ్ మ్యూజియం డైరెక్టర్‌గా చేసిన థామస్ క్రెన్స్ ఇద్దరూ అక్కడ చదివినవాళ్ళే.

ఓరుగల్లు89: మరి వీసా? స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) డిగ్రీకి 12 నెలల ఓపీటీ, అంటే ఎఫ్‌1 మీద ఉద్యోగం చేసుకునే అనుమతి, మీద ఇంకో 24 నెలలు కలుస్తాయి, ఆర్ట్ హిస్టరీకి ఆ 12 నెలలే. ఆలోపు చిన్న జీతం మీద చేరిన పిల్లకి ఏ మ్యూజియం హెచ్‌1బీ వేస్తుంది? మోమా డైరెక్టర్ పలకరిస్తే హెచ్‌1బీ లాటరీలో పేరొస్తుందా?

చార్లెస్‌నది: అంటే పిల్ల ఇష్టంతో పని లేకుండా వీసా కోసం చదివించాలా?

ఓరుగల్లు89: అవును. కాగితాలు లేని ఇంట్లో అదే ముందు. మీకు గ్రీన్‌కార్డు ఉండి ఉంటుంది.

చార్లెస్‌నది: ఉంది. నేను ఆర్ట్ హిస్టరీ, ఎకనామిక్స్ రెండు మేజర్లూ (ముఖ్య సబ్జెక్టులూ) చేయమంటాను. కొన్ని కాలేజీల్లో ఎకనామిక్స్ స్టెమ్ కిందికే వస్తుంది, డిపాజిట్ కట్టేముందు రిజిస్ట్రార్‌ని అడిగి మెయిల్లో జవాబు తీసుకోండి.

ఎడిసన్_నాన్న: నేను చెబితే వినట్లేదు మేడమ్. మీరు ఒకసారి అమ్మాయితో మాట్లాడతారా?

చార్లెస్‌నది: తప్పకుండా. మా పక్క సీటాయనతో కూడా మాట్లాడిస్తాను. కానీ ఆర్ట్ హిస్టరీ వదిలెయ్యమని మాత్రం చెప్పను.