డిశ్చార్జి అయి వచ్చిన వృద్ధులు నెల తిరగకముందే మళ్లీ ఆసుపత్రికి

ప్రశ్న (నల్లగొండ):
అందరికీ నమస్కారం. నల్లగొండ దగ్గర 26 మంది ఉండే వృద్ధాశ్రమం బాధ్యతలు చూస్తున్నాను. (మన వైపు నర్సింగ్ హోమ్ అంటే చిన్న ప్రైవేటు ఆసుపత్రి కాబట్టి ఆ మాట వాడడం లేదు.) ఆసుపత్రి నుంచి వచ్చినవారిలో కొందరు రెండు మూడు వారాలకే, అదే ఆయాసంతోనో మూత్రంలో ఇన్ఫెక్షన్‌తోనో, మళ్లీ 108 ఎక్కవలసి వస్తోంది. మా దగ్గర పగలు ఒక నర్సు, రాత్రి ఆయాలు మాత్రమే ఉంటారు. వీటిలో మేము ఆపగలిగినవి ఏవి?

జవాబు (మహబూబ్‌నగర్, రిటైర్డ్ స్టాఫ్ నర్సు):
మేడమ్, ముందు మందుల డబ్బా చూడండి. ఆసుపత్రిలో కొత్తగా రాసిన మాత్ర, మీ దగ్గర పాతగా వాడుతున్న మాత్ర పేర్లు వేరైనా లోపలి మందు ఒకటే కావచ్చు. రెండు స్ట్రిప్పులూ డబ్బాలో ఉంటే రెండూ వేసేస్తారు, బీపీ పడిపోయి మనిషి బాత్‌రూమ్‌లో కూలిపోతాడు. వచ్చిన రోజే డబ్బా మొత్తం బల్ల మీద కుమ్మరించి, డిశ్చార్జి చీటీతో ఒక్కొక్కటీ సరిచూసి, ఆపమన్నవాటిని అక్కడి నుంచి తీసేయించండి. ఏ మందు ఎందుకు ఆపారో రాయకపోతే వార్డుకు ఫోన్ చేయడానికి మొహమాటపడవద్దు. యూరిన్ పైపుతో పంపితే, అది ఎప్పుడు తీయాలో కూడా రాయించుకోండి; అడిగేవారు లేక వారాల తరబడి ఉండిపోయిన పైపుతోనే ఇన్ఫెక్షన్ మళ్లీ వస్తుంది.

జవాబు (మిర్యాలగూడ, ఫిజీషియన్):
గుండె బలహీనమై ఒంట్లో నీరు చేరేవారిని రోజూ ఉదయం, మూత్రానికి వెళ్లి వచ్చాక, టిఫిన్‌కు ముందు బరువు చూడండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే, ఆయాసం ముదిరేదాకా ఆగకుండా ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. చాలాసార్లు మాత్రల మోతాదు మార్చడంతోనే సరిపోతుంది. మే నెల ఎండల్లో కథ తిరగబడి, అవే నీటి మాత్రలు (ఒంట్లో చేరిన నీటిని మూత్రంగా బయటికి పంపేవి) మనిషిని ఎండగడతాయి. అలాగని అందరికీ ఉప్పు మజ్జిగ పోయకూడదు. గుండె, కిడ్నీ జబ్బులవారికి నీరు, ఉప్పు ఎంతెంతో విడిగా రాయించుకోవాలి.

అమెరికాలో 2012 అక్టోబరు నుంచి, 30 రోజుల లోపు తిరిగి చేరేవారు మరీ ఎక్కువైన ఆసుపత్రులకు మెడికేర్ (ముఖ్యంగా వృద్ధుల కోసం అక్కడి ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా) చెల్లింపులు తగ్గిస్తున్నారు. అక్కడి వృద్ధుల కేంద్రాల నుంచి ఆసుపత్రికి పంపవలసి రావడం తగ్గించేందుకు తయారైన ఇంటరాక్ట్ పద్ధతిలో ‘స్టాప్ అండ్ వాచ్’ అనే చీటీ ఉంది: మాట తగ్గిందా, తిండి తగ్గిందా, నడకకు కొత్తగా సాయం కావలసి వస్తోందా అన్నవి దగ్గరుండి చూసుకునేవారే గుర్తుపెట్టి నర్సుకు ఇస్తారు. వృద్ధుల్లో జ్వరం రాకుండానే ఇన్ఫెక్షన్ ముదరవచ్చు కనుక, మీకు ఇది బాగా పనికివస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు డాక్టరు గారూ. మా ఆయాల్లో ఇద్దరికి చదువు రాదు. పోయిన నెల వారిలో ఒకామె, ‘తాత రెండు దినాల సంది బువ్వ నోట్లనే పెట్టుకుంటుండు’ అని చెప్పింది, మేమెవరమూ పట్టించుకోలేదు. మూడో రోజు న్యుమోనియా అన్నారు.

జవాబు (మహబూబ్‌నగర్, రిటైర్డ్ స్టాఫ్ నర్సు):
ఆమె సరిగ్గానే పట్టుకుంది. చీటీకి బదులు మంచానికి ఎర్ర గుడ్డ ముక్క కట్టమనండి. ఉదయం నర్సు ముందుగా ఆ మంచం దగ్గరికే వెళ్లాలి. ముద్ద నోట్లో ఆపుకునేవారిని, తిండి ఊపిరితిత్తుల్లోకి జారకుండా, నిటారుగా కూర్చోబెట్టి తినిపించి, అరగంట దాకా పడుకోనివ్వకూడదు. మర్రిగూడ వైపు నుంచి వచ్చిన పెద్దవారిలో అక్కడి నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల వెన్ను బిగుసుకుపోయి ఉంటే, వీపు వెనుక దిండ్లు సర్దడానికే ఒక మనిషి కావాలి. రాత్రి ఆయాసం ఎక్కువైతే మాత్రం గుడ్డ కట్టి తెల్లవారేదాకా చూడకుండా వెంటనే 108కు ఫోన్ చేయమని ఆయాలకు చెప్పండి.