బ్రకోలీ పసుపెక్కితే పారేయాలా? ఫ్రిజ్‌లో ఎలా దాచాలి?

పచ్చమొగ్గ
నాలుగు రోజుల కిందట కొన్న బ్రకోలీ. పువ్వు మీద అక్కడక్కడా పసుపు తిరిగింది, కాడ వంచితే రబ్బరులా వంగుతోంది. చెడు వాసన లేదు. పాలిథిన్ కవర్లో మూతి బిగించి ఫ్రిజ్‌లో పెట్టిందే. వండొచ్చా? కడిగి పెట్టాలని కొందరు, తడి తగలనివ్వద్దని కొందరు అంటున్నారు. ఏది సరైనది?

నిదానం
వండొచ్చండి. పసుపంటే కుళ్లు కాదు, ముదురు. బ్రకోలీలో మనం తినేది ఇంకా విచ్చని మొగ్గల గుత్తి. కోసేశాక కూడా దాని శ్వాస ఆగదు, మొగ్గలు విచ్చుకునే పనిలోనే ఉంటాయి. ఆకుపచ్చనిచ్చే క్లోరోఫిల్ విరిగిపోతున్న కొద్దీ పసుపు బయటపడుతుంది. రుచి తగ్గుతుంది, కాస్త చేదు వస్తుంది, అంతే. మరీ పసుపైన చోట మొగ్గల్ని కత్తితో గీకేసి మిగతాది వాడుకోండి.

కాడ వంగడం వేరే సంగతి, అది నీరు ఇంకిపోవడం. అడుగున ఒక సెంటీమీటరు కోసేసి, చల్లటి నీళ్లలో అరగంట నిలబెడితే చాలావరకు బిగుస్తుంది. బిగిసింది కదా అని మళ్లీ లోపల పెట్టకండి, ఆ పూటే వండేయండి.

కిందిఅర
అసలు తప్పు ఆ మూతి బిగించడంలో ఉంది. కూరగాయలన్నిటిలోకీ బ్రకోలీ శ్వాస వేగం బాగా ఎక్కువ. గాలాడని కవర్లో ఉన్న ఆక్సిజన్‌ని త్వరగా వాడేసుకుంటుంది, ఆ తర్వాత గంధకం వాసన వేసే పదార్థాలు పుడతాయి. కవర్ విప్పగానే గుప్పుమనేది అదే. పైగా లోపల నీటి చుక్కలు పేరుకుని మొగ్గల మధ్యకి దిగుతాయి. కవర్‌కి ఏడెనిమిది చిల్లులు పొడిచి, మూతి వదులుగా వదిలేసి, కూరగాయల డ్రాయర్లో పెట్టండి. ప్లాస్టిక్ బిగించి చుట్టి అమ్మేవాటికి కూడా ఇంటికి తేగానే చిల్లులు పెట్టాల్సిందే.

తడిగుడ్డ
చిల్లులు ఎక్కువైతే వడలిపోతుంది కదా. తడిపి గట్టిగా పిండిన పేపర్ టవల్‌ని పువ్వు మీద వదులుగా చుట్టి పెట్టడమే మేలు. ఐదు రోజులు బిగువుగా ఉంటుంది.

కిందిఅర
గట్టిగా పిండితే సరే. చాలామంది నీళ్లు కారుతున్న టవల్ చుట్టేస్తారు, మూడో రోజుకి జిగురు పడుతుంది. డ్రాయర్‌కి తేమ మీట ఉంటే దాన్ని ఎక్కువలో పెట్టి, చిల్లుల కవర్ వాడితే టవల్ అక్కర్లేదు. డ్రాయర్ లేక మామూలు అరలో పెట్టేవారికి టవల్ పనికొస్తుంది, రెండు రోజులకోసారి మార్చాలి.

లెక్కలపుస్తకం
ఇద్దరూ చెప్పేది ఒకటే: చుట్టూ గాలిలో తేమ ఉండాలి, పువ్వు మీద నీళ్లు ఉండకూడదు. అందుకే కడగడం వండే ముందే. ఆ గుత్తిలోకి ఇంకిన నీటిని గుడ్డతో తుడిచి తీయడం కుదరదు.

తేమకంటే చలువ ముఖ్యం. 0 డిగ్రీల దగ్గర, 95 శాతం పైన తేమ ఉన్న గిడ్డంగిలో మూడు నాలుగు వారాలు నిలుస్తుంది. 5 డిగ్రీలకు వస్తే సుమారు రెండు వారాలు, 10 డిగ్రీల్లో ఐదు రోజులే. ఇవి అప్పుడే కోసిన పువ్వు లెక్కలు. మన చేతికొచ్చేసరికే కొన్ని రోజులు గడిచి ఉంటాయి కాబట్టి ఇంటి ఫ్రిజ్‌లో 3 నుంచి 5 రోజులు అనుకోండి, తాజాగా దొరికితే వారం. ఫ్రిజ్ 4 డిగ్రీల్లోపు ఉండాలి. తలుపు అరల్లో పెట్టొద్దు, తీసినప్పుడల్లా వేడి తగిలేది అక్కడే.

పచ్చమొగ్గ
నా డ్రాయర్లో ఆపిల్స్ కూడా ఉన్నాయి. ఫర్వాలేదా?

నిదానం
సగం పసుపు వాటి పుణ్యమే అయ్యుంటుంది. ఆపిల్, మాగిన అరటి, టమాటా, ఖర్బూజా ఇథిలీన్ వాయువు వదులుతాయి. దానికి బ్రకోలీ చాలా త్వరగా లొంగుతుంది. పళ్లని వేరే అరలోకి మార్చండి.

మరోమాట
పూలగుత్తిలా గ్లాసులో నిలబెట్టే పద్ధతీ ఉంది. కాడ రెండు మూడు సెంటీమీటర్లు మాత్రమే మునిగేలా నీళ్లు పోసి, పైన కవర్ వదులుగా కప్పి ఫ్రిజ్‌లో ఉంచాలి. నీళ్లు రోజూ మార్చాలి, బద్ధకిస్తే కాడ అడుగు జిగురు కడుతుంది. చోటున్నవాళ్లకే ఇది.

తడిగుడ్డ
మరి ఎప్పుడు పారేయాలి? పసుపు కాదంటే గుర్తేమిటి?

నిదానం
కంటికంటే ముందు చేతిని నమ్మండి. పువ్వు మీద వేలితో మెల్లగా రాయండి. మొగ్గలు గట్టిగా, గరుకుగా తగిలితే బాగున్నట్టు. జారుడుగా అంటుకుంటే బ్యాక్టీరియా పని మొదలైంది, కడిగితే పోయేది కాదు. నొక్కితే మెత్తగా దిగబడి, నీరు ఊరే గోధుమ, నల్ల మచ్చలుంటే అది మెత్తటి కుళ్లు. తెల్లగానో బూడిదరంగులోనో నూగులా లేస్తే బూజు. గట్టి కూరగాయల్లోలా చుట్టూ కోసేసి మిగతాది వాడొచ్చు అనుకోవద్దు. గుత్తి లోపల బూజు ఎంతవరకు పాకిందో కనిపించదు, మొత్తం తీసేయాలి. వాసన విషయానికొస్తే, పచ్చి బ్రకోలీకి క్యాబేజీ లాంటి వాసన మామూలే. కుళ్లిన గుడ్డులానో అమ్మోనియాలానో వస్తూ, కాసేపు గాలికి పెట్టినా పోకపోతే ఇక చూడక్కర్లేదు.

మరోమాట
అనవసరంగా భయపడేవి కూడా చెప్పాలి. కాడ కోసిన చోట ఎండి గోధుమరంగు తిరగడం గాలి తగిలి వచ్చింది, ఆ బిళ్ల కోసేస్తే చాలు. కాడ మధ్యలో బోలుగా ఉండటం పొలంలో మరీ వేగంగా పెరగడం వల్లో, బోరాన్ లోపం వల్లో వస్తుంది. లోపల పొడిగా ఉంటే తినొచ్చు. పువ్వు మీద ఊదారంగు చలికి వచ్చేది. ఆకుల మీది బూడిదరంగు పూత సహజమైన మైనం, రుద్దితే పోతుంది. బూజు అలా సమంగా పరుచుకోదు.

లెక్కలపుస్తకం
ఎక్కువ కొన్నవారు ఫ్రీజర్‌లో దాచుకోవచ్చు. 4 సెంటీమీటర్లు మించకుండా రెమ్మలు కోసి, 4 లీటర్ల నీళ్లకి 4 టీస్పూన్ల ఉప్పు కలిపి అరగంట ఉంచితే దాగిన పురుగులు తేలతాయి. కడిగి, అరకిలో ముక్కలకి 4 లీటర్ల మరిగే నీళ్ల చొప్పున వేసి 3 నిమిషాలు. వెంటనే ఐసు నీళ్లలో ఇంకో 3 నిమిషాలు. ఆరబెట్టి, పళ్లెంలో విడివిడిగా పరిచి గడ్డకట్టించి, ఆపైన కవర్లలో గాలి తీసి కట్టాలి. మైనస్ 18 డిగ్రీల్లో 8 నుంచి 12 నెలలు రుచి నిలుస్తుంది.

కిందిఅర
3 నిమిషాలూ ముక్కలు వేసిన క్షణం నుంచి కాదు, నీళ్లు మళ్లీ మరగడం మొదలయ్యాక లెక్కించాలి. ఒక నిమిషంలో మరగలేదంటే ఒకేసారి ఎక్కువ వేసినట్టు. ఈ ఉడుకు ఎగ్గొడితే ఎంజైములు ఫ్రీజర్‌లోనూ పని చేస్తూనే ఉంటాయి, కొన్ని వారాలకి రంగు వెలిసి గడ్డి రుచి వస్తుంది.

తడిగుడ్డ
వండినదైతే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి, అక్కడ 3, 4 రోజులు. పచ్చివే కోసిన రెమ్మలకీ దాదాపు అంతే గడువు, డబ్బా అడుగున పొడి పేపర్ టవల్ వేసి.

పచ్చమొగ్గ
అయితే ఈ పసుపెక్కిన దాన్ని ఫ్రీజర్‌లో పెట్టేయనా?

లెక్కలపుస్తకం
వద్దండి. ఎలా పెడితే అలాగే బయటికొస్తుంది, ఇంకాస్త మెత్తబడి. చేదున్నవి ఏరేసి ఈ పూట సూప్ చేసేయండి. ఫ్రీజర్‌కి కొన్న రోజువో మర్నాటివో పచ్చటివే పెట్టండి.