ఎడిన్‌బరోలో చదువు ముగుస్తోంది. ఆ ఊరికి వీడ్కోలు ఎలా చెప్పాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో నా ఎం.ఎస్సీ. చివరి దశకు వచ్చింది. ఆగస్టు నెల మధ్యలో డిసర్టేషన్ సమర్పించి, నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేసి బయలుదేరాలి. ఏడాది పాటు ఉన్న ఊరు మనసును ఇంతగా పట్టుకుంటుందని వచ్చిన కొత్తలో ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు. మెడోస్ మైదానం మీదుగా జార్జ్ స్క్వేర్‌లోని గ్రంథాలయానికి నడిచే దారి, వసంతంలో ఆ దారికి ఇరువైపులా పూసే చెర్రీ చెట్లు, సముద్రం మీద నుంచి పొగమంచు వచ్చి కోటను పూర్తిగా కప్పేసే ఉదయాలు, జూన్‌లో రాత్రి పది దాటినా ఆరిపోని వెలుతురు, వీటిని విడిచి వెళ్లాలన్న ఆలోచన వస్తేనే చదువు మీద దృష్టి నిలవడం లేదు.

చూడవలసినవని రాసుకున్న చోట్లు ఇంకా చాలా మిగిలాయి. ఉన్న సమయాన్ని వాటికే కేటాయించాలా, లేక మరో విధంగా గడపాలా? ఇలా వెళ్లిపోయినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం

నేనూ అక్కడే చదువుకున్నాను కనుక ముందుగా ఒక హెచ్చరిక: వీడ్కోలును ఆగస్టు దాకా దాచుకోకండి. 1947లో మొదలైన అంతర్జాతీయ కళోత్సవం, దానితో పాటే పుట్టిన, ఎవరైనా ప్రదర్శన ఇవ్వగల ‘ఫ్రింజ్’ ఉత్సవం ఆ నెలలో జరుగుతాయి; మీరు వెళ్లిపోయే రోజుల్లోనే ప్రపంచమంతా అక్కడికి వచ్చి చేరుతుంది. పాత బస్తీ ప్రధాన వీధి అయిన రాయల్ మైల్ మీద అడుగు తీసి అడుగు వేయలేనంత రద్దీలో, మీరు ఏడాది పొడవునా ఎరిగిన ఊరు మీకు కనిపించదు. ఉత్సవం గొప్పదే, తప్పక చూడండి, కానీ వీడ్కోలుకు జూలైయే మంచిది. అది కుదరకపోతే ఆగస్టులోనైనా తెల్లవారుజామునే బయటికి రండి; ఆ వేళ పాత బస్తీ వీధులు మళ్లీ మీవవుతాయి.

జాబితా సంగతికి వస్తే, నా అభిప్రాయంలో దాన్ని పక్కన పెట్టడమే మేలు. మీకు ఆ ఊరు ఆప్తమైనది చూసిన చోట్ల వల్ల కాదు, పదేపదే చేసిన పనుల వల్ల. ఆదివారం తప్ప దాదాపు ప్రతిరోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు కోట మీద ఫిరంగి పేలుతుంది కదా, 1861 నుంచి వస్తున్న ఆ ఆనవాయితీకి సందర్శకులు ఉలిక్కిపడతారు, ఊరివారు గడియారం చూసుకుంటారు. మీరిప్పుడు గడియారం చూసుకునేవారిలో ఒకరు. మామూలుగా నడిచే దారిలోనే, మామూలు వేళకే, ఏ హడావుడీ లేకుండా మళ్లీ నడవండి. స్టాక్‌బ్రిడ్జ్ నుంచి డీన్ విలేజ్ వైపు, లీత్ నది ఒడ్డున ఉన్న కాలిబాట మీకు అలవాటైనదైతే అక్కడికీ ఒకసారి వెళ్లండి.

రెండవ సమాధానం

పై మిత్రులతో చాలావరకు ఏకీభవిస్తాను, జాబితా విషయంలో మాత్రం కాదు. ఒక్క చోటైనా కొత్తగా చూడండి. నన్నడిగితే ఊరికి దగ్గరలోని సౌత్ క్వీన్స్‌ఫెరీకి వెళ్లి, 1890లో ప్రారంభమైన ఫోర్త్ రైలు వంతెనను నది ఒడ్డు నుంచి చూడమంటాను. కొంత దూరం వెళ్లి తిరిగి వస్తున్నప్పుడు ఊరు మీద మీకున్న ప్రేమ ఇంకాస్త స్పష్టంగా తెలుస్తుంది. మిగిలినవి మిగలనివ్వండి. కాల్టన్ హిల్ మీది జాతీయ స్మారకాన్ని 1826లో మొదలుపెట్టి, డబ్బు చాలక పన్నెండు స్తంభాలతో 1829లో ఆపేశారు. అయినా ఊరివారు దాన్ని తమదిగానే చూసుకుంటున్నారు.

ఇంటి పనులు మాత్రం ముందే తేల్చుకోండి. మీది ప్రైవేటు అద్దె ఇల్లయితే స్కాట్లండ్‌లో సాధారణంగా 28 రోజుల ముందు లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. విశ్వవిద్యాలయ వసతి అయితే నిబంధనలు వేరు. ఇవి చివరి వారానికి మిగిలితే మనుషులను కలవడానికి సమయం ఉండదు, అసలు వీడ్కోలు చెప్పవలసింది వారికే. గ్రంథాలయంలో రోజూ పలకరించినవారికి, మీ పర్యవేక్షకులకు, ఇంట్లో తోడున్నవారికి ముఖాముఖిగా, తీరికగా కృతజ్ఞతలు చెప్పండి. వెళ్లాక సందేశం పంపవచ్చులే అనుకుంటే, అది వాయిదా పడుతూనే ఉంటుంది.

మూడవ సమాధానం

వెళ్లిన తర్వాత సంగతి కూడా చెప్పాలి. విదేశాల్లో చదివి తిరిగివచ్చినవారిని పరిశీలించిన గల్లహార్న్ దంపతులు 1963లో ఒక విషయాన్ని ప్రతిపాదించారు: పరాయి దేశంలో కుదురుకోవడంలో ఉన్న ఒడిదుడుకులు సొంత దేశానికి తిరిగి వచ్చినప్పుడు మరోసారి ఎదురవుతాయి. అందువల్ల ఇంటికి చేరిన కొన్ని వారాలకు, అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తున్న సమయంలో, దిగులు కమ్ముకుంటే ఆశ్చర్యపోకండి. ఇంట్లోవారికి అది వింతగా తోచవచ్చు. ఆ ఊరిని ఎరిగిన స్నేహితులతో ఆ రోజుల్లో మాట్లాడుతూ ఉండండి.

నవంబరులో పట్టా అందుకోవడానికి వెళ్లే వీలుంటే తప్పక వెళ్లండి. నాలుగు గంటలకే చీకటి పడే ఆ రోజుల్లో, మెక్‌ఈవన్ హాల్ నుంచి పట్టాతో బయటికి వచ్చినప్పుడు నాకు కలిగిన నిండుదనం ఆగస్టులో బయలుదేరిననాడు కలగలేదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. నోటీసు ఈ వారమే ఇస్తాను. క్వీన్స్‌ఫెరీ ఒక్కటి ఉంచుకుని మిగిలిన జాబితాను వదిలేశాను. నవంబరు ప్రయాణం గురించి ఇంట్లో ఇవాళే అడుగుతాను.