అప్‌డేట్: క్యాలిపర్ దిగింది, కారు ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు మార్చేశాను

కొత్త ప్యాడ్లు పెట్టాక క్యాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కి అదిమే భాగం) డిస్క్ (చక్రంతో పాటు తిరిగే పళ్ళెం) మీదికి దిగట్లేదని ఇంతకుముందు అడిగాను. ప్యాడ్లు సైజు సరైనవే. పాతవి అరిగేకొద్దీ క్యాలిపర్‌లో ప్యాడ్‌ను నొక్కే పిస్టన్ బయటికి జరుగుతూ వస్తుంది, దాన్ని పూర్తిగా వెనక్కి నొక్కాలి, అంతే. పాత ప్యాడ్‌ను పిస్టన్‌కి అడ్డుపెట్టి సీ-క్లాంప్‌తో (స్క్రూ తిప్పి బిగించే పట్టు) నెమ్మదిగా బిగిస్తే లోపలికి వెళ్ళింది. అప్పుడు బ్రేక్ ఫ్లూయిడ్ పైకి పొంగుతుంది కాబట్టి రిజర్వాయర్ (ఆ ఫ్లూయిడ్ ఉండే డబ్బా) మూత తీసి, మాక్స్ గీత దాటకుండా చూసుకోవాలి. ఆ ఫ్లూయిడ్ పెయింట్‌ను తినేస్తుంది, చుక్క పడినా వెంటనే నీళ్ళతో కడగండి.

వెనక చక్రాలకి ఇదే పద్ధతి వాడకండి. చాలా కార్లలో ఆ పిస్టన్‌ను తిప్పుతూ నొక్కాలి. ఎలక్ట్రిక్ హ్యాండ్‌బ్రేక్ ఉంటే ముందు దాన్ని సర్వీస్ మోడ్‌లో (రిపేరు కోసం ఉండే సెట్టింగ్) పెట్టాలి.

విప్పిన క్యాలిపర్‌ను బ్రేక్ ఫ్లూయిడ్ గొట్టం మీద వేలాడనివ్వకుండా తీగతో కట్టాను. స్లైడ్ పిన్‌లు (క్యాలిపర్ జరిగే కడ్డీలు) తుడిచి, బ్రేకులకి వాడే సిలికాన్ గ్రీజు పలచగా రాశాను; పిన్ బిగుసుకుంటే ఒక ప్యాడ్ మాత్రమే త్వరగా అరుగుతుంది. డిస్క్‌కి, ప్యాడ్ ముఖానికి గ్రీజు తగలకూడదు. బోల్టుల టార్క్ (ఎంత బలంతో బిగించాలో) మాత్రం మీ కారు మాన్యువల్ చూసే బిగించండి.

అన్నిటికన్నా ముఖ్యం: కారు కదిలించేముందు పెడల్ గట్టిపడేదాకా నొక్కుతూ ఉండాలి. లేదంటే మొదటి నొక్కుకి బ్రేకే పడదు! తర్వాత కొత్త ప్యాడ్లు డిస్క్‌కి సర్దుకోవడానికి ఖాళీ రోడ్డు మీద 50 నుంచి 10 కిలోమీటర్ల వేగానికి, పూర్తిగా ఆపకుండా, మధ్యలో చల్లారనిస్తూ ఎనిమిది పదిసార్లు తగ్గించాలి.