గోప్యమా, రహస్యమా, దాపరికమా?

బీమా కంపెనీల మీద విచారణలకు సంబంధించిన కాగితాలు తెలుగు చేస్తున్నాను. సమాచార హక్కు చట్టంలో బయటపెట్టనక్కరలేని సమాచారం ఏదో చెప్పే 8వ సెక్షనుంది. అందులో 8(1)(డి)లోని ‘కమర్షియల్ కాన్ఫిడెన్స్’ను పాత చిత్తుప్రతిలో ‘వాణిజ్య విశ్వాసం’ అన్నారు. కంపెనీకి వ్యాపారం మీద గురి కుదిరినట్టుంది! కొట్టేసి ‘వాణిజ్య రహస్యం’ అని రాశాను. తీరా చూస్తే ఆ పక్కమాటే ‘ట్రేడ్ సీక్రెట్స్’. ఇప్పుడు దాన్నేమనాలి?

— మొదటిది ‘వాణిజ్య గోప్యత’, రెండోది ‘వ్యాపార రహస్యాలు’. రహస్‌ అంటే ఏకాంతం; నలుగురిలో చెప్పనిది రహస్యం. గుప్‌ ధాతువుకు అర్థం కాపాడటం. గోప్యం అంటే కాపాడవలసినది.

— ఎవరి కోసం కాపాడాలో కూడా చెప్పాలి కదండీ. సమాచార హక్కు కింద అడిగిన బ్యాంకుల తనిఖీ నివేదికలు తమ దగ్గర నమ్మకం మీద ఉన్నవని రిజర్వు బ్యాంకు వాదిస్తే, 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. చట్టానికి తలవంచి ఇచ్చినవాటిని నమ్మి ఇచ్చినవి అనలేమంది. మన హైదరాబాదులోనే ఉన్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 1938 బీమా చట్టం 33వ సెక్షను కింద తనిఖీకి దిగితే, కంపెనీ పుస్తకాలు చూపించక తప్పదు. అదీ ఇష్టపడి ఇచ్చేది కాదు. అలాంటివి దాచడాన్ని నేనైతే దాపరికం అంటాను.

— అనువాదంలో అనకండి. ‘దాపరికం’లో అప్పుడే తీర్పు ఉంది. పైగా ఆ పుస్తకాల్లో కంపెనీ లెక్కలే కాదు, పాలసీదారుల క్లెయిం ఫైళ్లూ ఉంటాయి. ‘ఆయుర్విత్తం గృహచ్ఛిద్రం’ అంటూ తొమ్మిది గోప్యాలు చెప్పే శ్లోకం మా తాతయ్య నోట తరచూ వినేవాణ్ణి. వయసు, ధనం, ఇంటిలోని లోపం, వాడే మందు... బీమా దరఖాస్తు అడిగేవన్నీ ఇవే! సంతకం చేసి చేతిలో పెడతాం. అసలు గోప్యం అది.

— అందరికీ నమస్కారం. ‘వాణిజ్య గోప్యత, వ్యాపార రహస్యాలు’ ఖాయం చేశాను. పాలసీదారుడి వివరాలకు 8(1)(జె)లో ‘వ్యక్తిగత సమాచారం’ అని వేరే మాట ఉంది, దాని జోలికి పోలేదు. నమ్మి అప్పగించిన సమాచారం గురించి చెప్పే 8(1)(ఇ)లోని ‘ఫిడ్యూషియరీ’ సంబంధానికి ‘విశ్వాసాశ్రిత సంబంధం’ అని రాశాను. మొదట కొట్టేసిన విశ్వాసాన్ని అక్కడ మళ్లీ తెచ్చుకోవలసి వచ్చింది.