హాలోవీన్‌కి మైకేల్ జాక్సన్ పాటలు: బెంగళూరులో అనుమతుల గురించి తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. ఇందిరానగర్‌లో మాకు చిన్న కాఫీ షాపు ఉంది, పాత గ్రామఫోన్ రికార్డులు కూడా అమ్ముతాం. దెయ్యాల వేషాల పండగ హాలోవీన్‌కి, అంటే అక్టోబరు 31 రాత్రి, మైకేల్ జాక్సన్ పాటలు వేసి, ఆయన రికార్డులు అమ్మకానికి పెడదామని ఉంది.

పాట రాసినవాళ్ల, బాణీ కట్టినవాళ్ల హక్కులు ఐపీఆర్ఎస్ అనే సంస్థ చూస్తుంది, రికార్డింగువి పీపీఎల్ అనే సంస్థ. ఇలాంటివి చేసినవాళ్లు రెండు లైసెన్సులూ తీసుకున్నారా? చిన్న షాపుకి ఒక్క రాత్రికి ఎంతయింది?

అంతకన్నా పోస్టరు సంగతే తేలడం లేదు. ఆయన 2009లో పోయారు, పేరూ బొమ్మా వాడుకునే హక్కులు ఆయన ఎస్టేట్ (ఆయన తదనంతరం ఆస్తిపాస్తులు చూసేవాళ్లు) చేతిలో ఉన్నాయి. ముఖం లేకుండా టోపీ, ఒంటిచేతి గ్లవ్ మాత్రం గీయిస్తే ఇబ్బందా? 1982 నాటి 'థ్రిల్లర్' ఆల్బమ్ అట్ట చూడండి, దెయ్యాలేం ఉండవు. తెల్ల సూటులో మోచేతి మీద ఒరిగి, తిన్నగా మనకేసి చూస్తుంటారు. ఆ పేరుతోనే ఉన్న పాటకి దెయ్యాల వీడియో మరుసటి ఏడాది డిసెంబరులో వచ్చింది. చనిపోయిన మనిషిని దెయ్యంలా అచ్చు వేయడానికి నాకు మనసొప్పడం లేదు.

2017లో సోనీ ఈ సీజన్‌కే తెచ్చిన 'స్క్రీమ్' సంకలనాన్ని ముందు పెట్టాలా, పాత ఆల్బమ్‌నా? మర్నాడే కన్నడ రాజ్యోత్సవం, అలంకరణ రాత్రికే తీసేయాలి. అది కూడా చూసుకుని సలహా ఇవ్వండి.